ఖాళీ ఎప్పుడూ అడుగునే

వెర్నా స్టకీ ఆడపిల్లల టెన్నిస్ జట్టును నడపడం ఆ ఏటితో ఇరవై ఆరో ఏడు. ఇరవై ఆరేళ్ళలో మానేస్తానని అనని ఏడు ఒక్కటీ లేదు. ప్రతి అక్టోబరులోనూ ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి, "ఇంక నా వల్ల కాదు, ఎవర్నైనా చూసుకోండి" అనేది. "అలాగే వెర్నా, చూద్దాం" అనేవాడాయన. ఎక్కడ చూసేవాడు! మళ్ళీ ఆగస్టు వచ్చేసరికి కోర్టుల తాళాలు ఆవిడ బల్ల మీదే ఉండేవి. నలుగురు ప్రిన్సిపాళ్ళు మారారు గానీ తాళాలు చేతులు మారలేదు.

పోనీ టెన్నిస్‌లో పుట్టి పెరిగిన మనిషా అంటే అదీ కాదు. స్కూలు బస్సు డ్రైవరు. పాత కోచ్ కొలంబస్‌లో ఉద్యోగం చూసుకుని చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిన ఏడు, ప్రిన్సిపాల్ బస్సుల షెడ్డులోకి వచ్చి, "నువ్వెప్పుడైనా రాకెట్ పట్టుకున్నావా?" అని అడిగాడు. చర్చి పిక్నిక్కులో బాడ్మింటన్ ఆడానని చెప్పిందావిడ. "చాలు" అన్నాడు. అంతే ఇంటర్వ్యూ. లైబ్రరీ నుంచి ఓ పుస్తకం తెచ్చుకుని, వంటింట్లో గరిటె పట్టుకుని సర్వ్ చెయ్యడం నేర్చుకుంది. రెండు బల్బులు పగిలాయి. మొగుడు లాయిడ్ మూడో బల్బు బిగిస్తూ, "ఒహాయో రాష్ట్రంలో ఇంకెవరూ దొరకలేదటే వాళ్ళకి?" అన్నాడు. దొరకలేదు మరి.

జట్టు నడపడమంటే ఆట నేర్పడమని బయటివాళ్ళు అనుకుంటారు. పిచ్చి భ్రమ. ఆట నేర్పడానికి మిగిలేది రోజుకి ఇరవై నిమిషాలు. తక్కినదంతా చాకిరీ. వాన పడితే పొడుగు కర్ర చీపురుతో కోర్టుల మీద నీళ్ళు తొయ్యాలి. వదులైన నెట్లు బిగించాలి. ఏ పిల్లకి ఉబ్బసమో, ఏ పిల్లకి తేనెటీగ కుడితే సూది వెయ్యాలో గుర్తుంచుకోవాలి. నీళ్ళ డబ్బా, నారింజ ముక్కలు, కాలికి చుట్టే పట్టీ, ఏడ్చే పిల్లకి రుమాలు, అన్నీ వ్యానులో ఉండాలి. ఆ వ్యాను నడిపేదీ ఆవిడే. ఇంటికొచ్చాక తల్లిదండ్రుల ఉత్తరాలు చదవాలి: మా అమ్మాయిని మూడో స్థానంలో ఎందుకు వేశారు, రెండులో ఎందుకు వెయ్యలేదు. తెల్లారి నాలుగున్నరకి లేచి బస్సు తియ్యాల్సిన మనిషి వీటన్నిటికీ జవాబులు రాసేది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ జవాబులన్నిటి సారం ఒక్కటే: "నిచ్చెన చూడండి." రాకెట్ల షెడ్డు తలుపు మీద వరసగా మేకులు, మేకులకి పిల్లల పేర్లు రాసిన చెక్కముక్కలు. అదీ నిచ్చెన. పైకి ఎక్కాలనుకున్న పిల్ల తన పైనున్న పిల్లని సవాలు చేసి, ఆడి, గెలవాలి. గెలిస్తే చెక్కలు తారుమారు. నాన్న ట్రాక్టర్ల షాపు యజమాని అయినా, అమ్మ స్కూలు బోర్డులో ఉన్నా ఆ మేకులకి తెలియదు. సోమవారం సోమవారం ఆ వరసే స్కూళ్ళ పోటీలు నడిపే లీగుకి పంపాలి, పోటీ రోజున కార్డు మీద ఆ వరసే రాయాలి.

పోటీకి ఏడుగురు కావాలి. సింగిల్స్ ముగ్గురు, డబుల్స్ రెండు జతలు, మొత్తం ఐదు కోర్టులు. మూడు కోర్టులు గెలిస్తే పోటీ గెలిచినట్టు. ఎవరైనా రాకపోతే వాళ్ళ చోటు ఖాళీగా వదిలెయ్యకూడదు. కింది వాళ్ళంతా ఒక్కో మెట్టు పైకి జరగాలి. ఖాళీ ఎప్పుడూ అడుగునే ఉండాలి. ఉన్న పిల్లని దాటేసి కింది పిల్లని ఆడించకూడదు, మైదానంలో కాలు పెట్టని పిల్ల పేరు కార్డులో రాయకూడదు. రాసినట్టు తేలితే ఆ పేరు దగ్గర్నుంచి కింది కోర్టులన్నీ ఓడినట్టే లెక్క. బలహీనురాలిని పైన బలిపెట్టి కింద సులువుగా గెలిచే కోచ్‌లు ఉంటారు కాబట్టి పెట్టిన నియమం ఇది. మంచి నియమమే. కాకపోతే ఎక్కడో పైన ఒక పిల్ల మానేస్తే ఆట పోయేది ఆ పిల్లకి కాదు, అట్టడుగున ఉన్న పిల్లకి.

ఆ అడుగు మేకు మీద నాలుగేళ్ళుగా ఉన్న పేరు మార్నీ రూప్.

మార్నీకి ఆట రాదు. వెర్నా ఈ సంగతి ఎవరితోనూ అనలేదు గానీ, ఉన్నమాట అది. బంతి కుడిపక్కకి వస్తే ఎడమకాలు ముందుకెళ్ళేది. చిన్న ఊరి స్కూలు, రెండో జట్టు లేదు. మొదటి మూడేళ్ళూ జట్టులో పదిమందికి తక్కువ లేరు, కాబట్టి ఆమెకి పోటీ అన్నదే దక్కలేదు. ఈ ఏడు ఎనిమిదిమంది. అయినా ఎనిమిదో పిల్లే. నాలుగేళ్ళలో సవాళ్ళు పద్దెనిమిది చేసింది, పద్దెనిమిదీ ఓడింది. ఒక్కరోజు సాధన మానలేదు. వానకి నీళ్ళు తోసేది తనే, కంచె బయట పొలంలో పడ్డ బంతులు తెచ్చేది తనే, పోటీల్లో లెక్క పుస్తకం రాసేది తనే. ఆ పిల్లని చూసినప్పుడల్లా వెర్నాకి ఒళ్ళు మండేది, పిల్ల మీద కాదు, ఎవరి మీదో తెలియదు.

చివరికి సెప్టెంబరు మూడో వారంలో ఏడో పిల్ల గడ్డిబండి మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పాపం అనాల్సిందే. అన్నారు కూడా. కానీ మార్నీ ఏడో పిల్ల అయింది. తర్వాతి పోటీలు రెండూ వానకి కొట్టుకుపోయాయి. ఇక మిగిలింది సొంత కోర్టుల మీద ఆఖరి పోటీ, గురువారం. బడిలో ఆఖరి ఏడు చదువుతున్న పిల్లల్ని ఆ రోజు అమ్మానాన్నలతో సహా నెట్ దగ్గరికి పిలిచి చామంతి కుండీ ఇస్తారు. ఆ ఏడు అలాంటి పిల్ల మార్నీ ఒక్కతే. ఆమె తల్లి డోనెట్ కోళ్ళ ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు చేస్తుంది. నాలుగేళ్ళలో ఒక్క పోటీకీ రాలేదు. గురువారం ఆరింటిదాకా సెలవు అడిగి తీసుకుంది.

గురువారం మధ్యాహ్నం వెర్నా బస్సు కడుగుతుంటే ఫోనుకి కబురొచ్చింది. మొదటి స్థానం పిల్ల బ్రిన్ తండ్రి రాశాడు: "ఇండియానాపోలిస్‌లో టోర్నమెంటుకి బయల్దేరాం. బ్రిన్ ఇవాళ రాదు. స్కూలు పోటీ దాని ర్యాంకుకి ఎలాగూ పనికిరాదు." వెర్నా రెండుసార్లు చదివి ఫోను జేబులో పడేసి, తడి గుడ్డని బకెట్లోకి విసిరికొట్టింది.

మూడుంపావుకి కోర్టుల దగ్గరికి వెళ్ళేసరికి మార్నీ అప్పటికే నీళ్ళు తోసేసింది. నిన్నటి జల్లు ఆనవాలే లేదు. పక్క పొలంలో సోయా కోస్తున్న యంత్రం దుమ్ము రేపుతోంది. తక్కిన పిల్లలు మార్నీ జడలో ఎర్ర రిబ్బను కట్టారు.

"బ్రిన్ రావట్లేదమ్మా" అంది వెర్నా. మెత్తగా చెప్పే ఓపిక కూడా లేదు ఆవిడకి.

మార్నీ చీపురు కర్ర కంచెకి ఆనించింది. "అంటే ఆరుగురం."

"ఆరుగురం."

"ముగ్గురు సింగిల్స్‌కి పోతారు, ఇద్దరు డబుల్స్‌కి. ఒకరు మిగుల్తారు." కోచ్ కన్నా ముందే లెక్క తేల్చేసింది. నియమం వల్ల నష్టపోయినవాళ్ళకి తెలిసినంత బాగా నియమం ఇంకెవరికి తెలుస్తుంది? "ఫర్వాలేదు కోచ్. నీళ్ళ డబ్బా నింపుకు రానా?"

"ఎందుకు ఫర్వాలేదూ?" అని అరిచింది వెర్నా. "కోపం తెచ్చుకోవే పిల్లా! ఒక్కసారైనా తెచ్చుకో!"

"ఎవరి మీద తెచ్చుకోను?" అని మార్నీ డబ్బా పట్టుకుని పంపు దగ్గరికి వెళ్ళిపోయింది.

అవతలి జట్టు బస్సు వచ్చింది. దాని వెనకే పాత నీలం కారు వచ్చింది. డోనెట్ దిగింది. నుదుటి మీద ఫ్యాక్టరీ టోపీ అచ్చు, కాళ్ళకి రబ్బరు బూట్లు. చిన్నప్పుడు వెర్నా బస్సులోనే బడికెళ్ళిన పిల్ల అది. ఇప్పటికీ వెర్నాని చూస్తే కాస్త ఒదిగి నిలబడుతుంది.

"వెర్నా గారూ, ఏ కోర్టు? ముందు చెప్పండి, కుర్చీ అక్కడ వేసుకుంటా."

"డోనెట్..." అంది వెర్నా.

"గెలుస్తుందని కాదులెండి" అని నవ్వింది డోనెట్. "నాకు తెలుసుగా. నాలుగేళ్ళుగా పోటీ అయిన ప్రతి రాత్రీ అడుగుతూనే ఉన్నా. 'ఏమైందే?' అంటే 'ఓడిపోయానమ్మా.' పోయినసారీ అంతే, అంతకుముందూ అంతే. ఇన్నిసార్లు ఓడి కూడా మానలేదు చూడండి, మొండిది! అది నేనైతే రెండో వారమే రాకెట్ విరిచి పొయ్యిలో పెట్టేదాన్ని. ఇవాళ ఓడినా సరే, ఆడుతుంటే కళ్ళారా చూడాలని వచ్చా."

ఓడిపోయానమ్మా! కూర్చుని వచ్చానని చెప్పలేక, నాలుగేళ్ళు ఓడిపోయానని చెప్పుకుంటూ వచ్చిందా ఆ పిల్ల! ఓటమి కూడా ఆడినవాళ్ళకి దక్కే గౌరవమేనని ఇరవై ఆరేళ్ళ కోచ్‌కి అప్పుడు తెలిసింది.

"ఐదో కోర్టు" అంది వెర్నా. "నీడ కూడా ఉంటుంది."

వ్యాను వెనక తలుపు తెరిచి, మెట్టు మీద కూర్చుని కార్డు తీసింది. మొదటి సింగిల్స్ ఎదురుగా బ్రిన్ పేరు రాసింది. చెయ్యి ఆగలేదు. ఆగి ఉంటే బాగుండునని తర్వాత అనుకుంది. రెండో సింగిల్స్, మూడో సింగిల్స్, మొదటి డబుల్స్ ఎప్పటివాళ్ళే. రెండో డబుల్స్: ఆరో మేకు పిల్ల ఐవీ, మార్నీ.

అవతలి కోచ్ డ్వైట్ హఫ్‌మన్ పాతికేళ్ళ నుంచి తెలిసినవాడు. కార్డులు మార్చుకున్నారు. ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి దించి చూశాడు.

"మీ బ్రిన్ కనిపించదేం?"

"దారిలో ఉంది" అంది వెర్నా. అబద్ధం కూడా కాదు చూడండి! ఇండియానాపోలిస్ దారిలో ఉంది. కానీ వెర్నాకి తెలుసు అది పచ్చి అబద్ధమని.

"పదిహేను నిమిషాలు చూస్తా. ఆ తర్వాత మొదటి కోర్టు మాదే. మా పిల్ల పొద్దున్నించీ బ్రిన్ పేరు తల్చుకుని వణుకుతోంది, బతికిపోతుంది" అని నవ్వాడు డ్వైట్. కార్డుని రెండోసారి చూడలేదు. వెర్నా ఇచ్చిన కార్డుని ఎవరూ రెండోసారి చూడరు.

చామంతి కుండీ డోనెట్ చేతిలో పెట్టారు, చప్పట్లు కొట్టారు. తర్వాత వెర్నా కార్డు చదివింది. ఐదో కోర్టుకి ఐవీ, మార్నీ అనగానే మార్నీ తలెత్తి చూసింది. ఒక్క క్షణం. రాకెట్ తీసుకుని కోర్టులోకి నడిచింది.

పదిహేను నిమిషాలయ్యాయి. మొదటి కోర్టు పోయింది. రెండో సింగిల్స్ మనవాళ్ళు గెలిచారు, మూడో సింగిల్స్ ఓడారు, మొదటి డబుల్స్ గెలిచారు. రెండు, రెండు. ఐదో కోర్టులో ఆట ఇంకా సాగుతోంది. అసలు సాగడమే వింత. అవతలి జత కూడా అడుగు మేకు జతే మరి. నలుగురూ కలిసి బంతిని బతిమాలుకుంటున్నట్టు ఆడుతున్నారు. మొదటి సెట్ వాళ్ళది, రెండోది ఐవీ, మార్నీలది. మూడో సెట్ బదులు పది పాయింట్ల ఆట. ఆట ముగించుకున్న పిల్లలంతా కంచె చుట్టూ చేరారు. డోనెట్ కుర్చీలోంచి లేచి కంచె తీగల్లో వేళ్ళు దూర్చి నిలబడింది.

వెర్నా మనసులో ఏముందో ఎవరికైనా తెలిస్తే ఛీ కొట్టేవాళ్ళు. ఓడిపోవాలని కోరుకుంటోంది. సొంత పిల్లలు, అందులోనూ మార్నీ, ఓడిపోవాలని! ఓడితే పోటీ పోతుంది, ఆ కార్డు వల్ల ఎవరికీ నష్టం లేదు, చించి చెత్తబుట్టలో పడెయ్యొచ్చు. తల్లి చూసింది, పిల్ల ఆడింది, చాలు. గెలిస్తే మాత్రం డ్వైట్ పిల్లల దగ్గర దొంగిలించినట్టే. "ఓడిపో తల్లీ, నీకు అలవాటేగా" అని లోలోపల గొణిగి, ఆ మాటకి తనే సిగ్గుతో చచ్చిపోయింది. పోటీలో ఎప్పుడూ ఓడలేదుగా అది, ఆడితేగా!

తొమ్మిది, ఎనిమిది. ఐవీ, మార్నీలదే ఆధిక్యం. అవతలి ఎర్రజుట్టు పిల్ల గట్టిగా కొట్టింది. మార్నీ ఎడమకాలు ముందుకెళ్ళింది, ఎప్పటిలాగే. కళ్ళు మూసుకుని కొట్టిందో, తెరుచుకుని కొట్టిందో, బంతి పైకి లేచి, గాలిలో తీరిగ్గా తిరిగి, అవతలి వెనక గీత దగ్గర పడింది. పడ్డచోటు అటువైపు వాళ్ళకే కనిపిస్తుంది. ఈ పోటీల్లో అంపైర్లు ఉండరు. ఎవరి వైపు బంతి పడితే వాళ్ళే చెప్పాలి.

ఎర్రజుట్టు పిల్ల వంగి గీత చూసింది. బయట అంటే తొమ్మిది, తొమ్మిది అయ్యేది, పోటీ నిలబడేది. ఎవరూ కాదనేవాళ్ళు లేరు. పదిహేనేళ్ళుంటాయేమో ఆ పిల్లకి. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా అరచెయ్యి నేలవైపు చాపి, "లోపలే" అంది.

ఆ తర్వాత గోలంతా వెర్నాకి ఎక్కడో దూరంగా వినిపించింది. పిల్లలు మార్నీ మీద పడిపోయారు. ఐవీ ఏడుస్తోంది. డోనెట్ రబ్బరు బూట్లతో కోర్టులోకి పరిగెత్తి కూతుర్ని ఎత్తినంత పని చేసింది. "గెలిచావే! గెలిచావే మొండిదానా!" డ్వైట్ వచ్చి వెర్నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఆ ఆఖరి పిల్లని ఎక్కడ దాచావు ఇన్నాళ్ళూ?" అన్నాడు. వెర్నా ఆయన మొహంలోకి చూడలేకపోయింది. ఆయన పిల్లలు తలలు వేలాడేసుకుని బస్సెక్కారు. ఎర్రజుట్టు పిల్ల అందరికన్నా చివర ఎక్కింది.

సాయంత్రం లోపు గెలిచిన జట్టు కోచ్ లీగుకి ఫోను చేసి ఫలితం చెప్పాలి. పిల్లలందరూ వెళ్ళిపోయాక వెర్నా ఫోను చేతిలో పట్టుకుని వ్యాను మెట్టు మీద కూర్చుంది. రేపు పొద్దున బస్సులో ఈ పిల్లల మొహాలు చూడాలి. గెలిచిన ఐదుగురికీ మీరు గెలవలేదని చెప్పాలి. చెప్పకపోతే? ఎవరికీ తెలియదు. బ్రిన్ తండ్రికి పట్టదు. కానీ గీత దగ్గర వంగి చూసిన ఆ పిల్ల అరచెయ్యి కళ్ళముందు నుంచి పోవడం లేదు.

మార్నీ నెట్లు వదులు చేసి వచ్చి ఎదురుగా నిలబడింది. పార్కింగులో డోనెట్ చామంతి కుండీని కారు ముందు సీట్లో పెట్టి, దానికి బెల్టు బిగిస్తోంది. ఆరింటికల్లా ఫ్యాక్టరీలో ఉండాలి ఆమె.

"లీగుకే కదా కోచ్?" అంది మార్నీ.

"ఊఁ."

"నిజం చెప్తారు."

అడగలేదు, అంది. వెర్నా తలూపింది. "నీ ఆట పోతుందే. ఐవీది, వాళ్ళందరిదీ పోతుంది. నేను చేసిన పనికి."

"తెలుసు. నా పేరు చదివినప్పుడే తెలుసు. వద్దని చెప్పాల్సింది నేను." మార్నీ జడలోని ఎర్ర రిబ్బను లాగి చేతికి చుట్టుకుంది. "చెప్పలేకపోయాను కోచ్. అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది."

"నువ్వు చిన్నపిల్లవి. వద్దనాల్సింది నేను" అంది వెర్నా.

"అమ్మకి నేనే చెప్తాను. ఆదివారం. నాలుగేళ్ళవీ కలిపి ఒకేసారి చెప్తాను." పార్కింగు వైపు చూసింది. "కారు వెళ్ళేదాకా ఆగండి. అంతే."

నీలం కారు కదిలింది. గేటు దగ్గర ఆగింది. డోనెట్ అద్దం దించి, అక్కడ చెత్త డబ్బాలు ఎత్తుతున్న ముసలాయనతో కోర్టుల వైపు చూపిస్తూ ఏదో చెప్పింది. ఆయన టోపీ తీసి ఊపాడు. కారు రోడ్డెక్కి, హారను రెండుసార్లు మోగించి, సోయా దుమ్ములోకి మలుపు తిరిగింది. హారను వినిపించినంతసేపూ మార్నీ చెయ్యి ఊపుతూనే ఉంది.

తర్వాత చెయ్యి దించి, "ఇప్పుడు చెయ్యండి" అంది.